స్ట్రెచరు మోసిన గాంధీగారు

పక్షవాయువుగల ఒక మనుష్యుని నలుగురు మోసికొని వచ్చిన సంగతి మార్కు సువార్తలో మనమందరం చదివినదే. ఇంటి ముంగిట జనం క్రిక్కిరిసి ఉంటే వారు పైకెక్కి, కప్పు విప్పి, పరుపుతో సహా అతనిని దింపారు. ఆ నలుగురి పేర్లేమిటని ఆదివారపు బడిలో పిల్లలు అడుగుతూ ఉంటారు. సువార్తికుడు వ్రాయలేదు గనుక మన దగ్గర జవాబు లేదు. మోతగాని పేరు లోకం సాధారణంగా వ్రాసిపెట్టుకోదు.

శతాబ్ది సంచికలలో సంఘ కాపరుల చరిత్రలు, మిషనరీల చరిత్రలు, బడులు, ఆసుపత్రులు కట్టించిన పెద్దల చరిత్రలు వ్రాయడం వాడుక. అది తగిన పనే. నేను మాత్రం ఒక మోతగాని చరిత్ర వ్రాయదలచాను. ఆయన పేరు లోకమంతా ఎరుగును. ఆయన మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ. దండి ఉప్పు సంగతి, రాట్నం సంగతి మనకు తెలుసు. కాని ఆయన మూడు పదుల వయసులో యుద్ధభూమిలో గాయపడినవారిని మోసే దళానికి పెద్దగా ఉండి, రెండు యుద్ధ పతకాలు పొందినవారని చాలామందికి తెలియదు.

ఆయన క్రైస్తవుడు కాడు. అయినా ఆ పని ఆయనకు నేర్పినది ఒక మిషన్ డాక్టరుగారు. ఆయన కోసం ప్రభుత్వపు తలుపు తట్టినది ఒక బిషప్పుగారు. ఆయనతో భుజం కలిపి మోసినవారు మన చెన్నపట్టణపు రేవులో ఓడ ఎక్కిపోయిన కూలీలు, వారి బిడ్డలు. అందుచేత ఈ చరిత్ర మన సంచికలో ఉండదగినదే అనుకొంటున్నాను.

మన ఊళ్ళ నుండి నేటాలుకు

మొదట ఆ కూలీల సంగతి చెప్పాలి. 1860 అక్టోబరు 12న మద్రాసు రేవు నుండి ట్రూరో అనే ఓడ బయలుదేరి, నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. దానిలో 342 మంది మన దేశపు కూలీలు ఉన్నారు. వారిలో క్రైస్తవులు కూడా ఉన్నారు. అప్పటి నుండి 1911 వరకు నేటాల్ అనే ఆ రాష్ట్రానికి ఒప్పంద కూలీలుగా వెళ్ళినవారు 1,52,184 మంది. ఇంచుమించు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవులోనే ఓడ ఎక్కారు. ఉత్తర ఆర్కాటు జిల్లా నుండి, విశాఖపట్నం వైపు నుండి పెద్ద సంఖ్యలో వెళ్ళారు. ఆ రోజుల్లో ఉత్తర ఆర్కాటు అంటే మన ఊళ్ళే. చిత్తూరు దానికి ముఖ్య పట్టణం. 1911లో చిత్తూరు జిల్లా వేరుగా ఏర్పడేదాకా తిరుపతి, చంద్రగిరి అన్నీ దానిలోనివే.

1876లో వచ్చిన ధాత కరువు గురించి మన తాతముత్తాతలు చెప్పుకొనేవారు. అటువంటి కరువులకు తాళలేక, ఏజెంటు చెప్పిన మాట నమ్మి, కాగితం మీద వేలిముద్ర వేసి ఓడ ఎక్కినవారు ఎందరో. ఒప్పందం ఐదేండ్లు. మొదటి యేడు నెలకు పది షిల్లింగుల కూలి. చెరకు తోటలలో, బొగ్గు గనులలో, రైలు దారులలో పని. ఒప్పందం తీరిన తరువాత ఆ దేశంలో స్వతంత్రంగా నిలవాలంటే ఏటా మూడు పౌండ్ల పన్ను కట్టాలని 1895లో చట్టం చేశారు. మూడు పౌండ్లంటే అరవై షిల్లింగులు, అనగా ఆరు నెలల కూలి.

వీరిని మన సంఘాలు మరచిపోలేదు. 1903లో నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్తిస్టు సంఘాలవారు జాన్ రంగయ్యగారిని నేటాలుకు మిషనరీగా పంపారు. తెలుగువారు సముద్రం దాటించి పంపిన తొలి మిషనరీలలో ఆయన ఒకరు. తేయాకు తోటలలో పనిచేసే తెలుగు కూలీల మధ్య ఆయన సంఘం కట్టారు. అది గాంధీగారి మొదటి యుద్ధం ముగిసిన తరువాతి మాట. కాని ఆ కూలీలు ఎవరో, ఏ భాషవారో మనకు తెలియడానికి ఇక్కడ చెప్పాను.

బూత్ డాక్టరుగారి ఆసుపత్రి

గాంధీగారు 1869 అక్టోబరు 2న గుజరాతు దేశంలోని పోరుబందరులో పుట్టారు. ఇంగ్లండులో బారిస్టరు చదివి, 1893 మే నెలలో ఒక వర్తకుని వ్యాజ్యం కోసం డర్బన్‌లో దిగారు. టిక్కెట్టు ఉన్నా రైలు మొదటి తరగతి నుండి ఆయనను దింపివేసిన సంగతి మన పిల్లల పాఠ్యపుస్తకాలలో ఉన్నది. 1894లో నేటాల్ ఇండియన్ కాంగ్రెసు స్థాపించి, మనవారి హక్కుల కోసం అర్జీలు వ్రాయడం మొదలుపెట్టారు. అక్కడి తెల్లవారికి అది కంటగింపు అయింది. 1897 జనవరి 13న ఆయన ఇండియా నుండి తిరిగి వచ్చి ఓడ దిగిన రోజున డర్బన్ వీధిలో ఒక గుంపు ఆయన మీద పడి రాళ్ళతో, గ్రుడ్లతో కొట్టింది. పోలీసు సూపరింటెండెంటు అలెగ్జాండరుగారి భార్య తన గొడుగు అడ్డం పెట్టి కాపాడకపోతే ఆయన ఆనాడే చనిపోయి ఉండేవారు. కొట్టినవారి మీద కేసు పెట్టమని అధికారులు అడిగితే ఆయన ఒప్పుకోలేదు.

ఆ డర్బన్‌లోనే సెయింట్ ఎయిడన్స్ మిషన్ అనే ఆంగ్లికన్ సంఘపు పని ఉండేది. అది మన భారతీయుల మధ్య జరిగే పని. దానికి పెద్ద లాన్సలాట్ బూత్‌గారు. ఆయన డాక్టరు, గురువు కూడా. రోగుల దగ్గర రుసుము తీసికొనేవారు కారు. పార్శీ రుస్తుంజీ అనే వర్తకుడు ఇచ్చిన ధర్మంతో ఒక చిన్న ఉచిత ఆసుపత్రి తెరిచి, దానిని బూత్‌గారి చేతిలో పెట్టారు.

గాంధీగారికి ఆ ఆసుపత్రిలో నర్సుగా పనిచేయాలని కోరిక పుట్టింది. ప్రాక్టీసు బాగా సాగుతున్న బారిస్టరు అయినా, రోజుకు ఒకటి రెండు గంటలు దీనికి కేటాయించారు. వచ్చిన రోగిని బాధ ఏమిటని అడగడం, అది డాక్టరుగారికి చెప్పడం, ఆయన వ్రాసిన మందు కలిపి ఇవ్వడం ఆయన పని. వచ్చేవారిలో ఎక్కువమంది తమిళ కూలీలు, తెలుగు కూలీలు, ఉత్తరాది కూలీలు అని ఆయనే తన జీవిత చరిత్రలో వ్రాసికొన్నారు. అర్జీలలో ఆయన ఎవరిని గురించి వ్రాస్తున్నారో, వారి పుండ్లు ఇక్కడ ఆయన చేతికి తగిలాయి. మన చిత్తూరు వైపు నుండి పోయిన కూలి ఎవరైనా ఆ బల్ల మీద కూర్చుని కట్టు కట్టించుకొన్నాడేమో, ఎవరు చెప్పగలరు? దీని ఫలం తరువాత యుద్ధంలో కనిపించింది.

ఎవరి యుద్ధం, ఎవరి గాయం

1899 అక్టోబరు 11న ఇంగ్లీషువారికీ, బోయర్లు అనే డచ్చి సంతతివారికీ యుద్ధం వచ్చింది. గాంధీగారి మనసు బోయర్ల వైపు మొగ్గింది. చిన్న జాతి, తన స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్నది. అయినా ఆయన ఒక లెక్క వేసికొన్నారు. బ్రిటిషు ప్రజలమని చెప్పి హక్కులు అడుగుతున్నాము గదా, మరి కష్టం వచ్చినప్పుడు ఆ ప్రజలుగా మన విధి ఎక్కడ? ఆయుధం పట్టడం మనకు రాదు, గాయపడినవారిని మోయడం వస్తుంది. అప్పుడాయనకు ముప్పయి యేండ్లు.

ఈ లెక్క తప్పని ఆనాడే అన్నవారున్నారు. ఇంగ్లీషువారు మనలను అణచివేస్తున్నారు, వారి యుద్ధంలో మనం ఎందుకు చావాలి అని భారతీయులలోనే కొందరు అడిగారు. వెనక్కి తిరిగి చూస్తే వారి మాటలో బలం ఉన్నది. ఆ సంగతికి చివరలో వస్తాను.

ప్రభుత్వం మొదట వద్దన్నది. భారతీయులు పిరికివారు, లాభం తప్ప వేరొకటి చూడనివారు అని అక్కడి తెల్లవారి అభిప్రాయం. అయినా బూత్‌గారు వెనుదీయలేదు. పేరు ఇచ్చినవారికి ప్రథమ చికిత్స నేర్పి, గాయపడినవారిని ఎత్తే పద్ధతి నేర్పి, సిద్ధం చేశారు. తరువాత గాంధీగారిని నేటాల్ బిషప్పు బేన్స్‌గారి దగ్గరకు పంపారు. ఆ దళంలో భారతీయ క్రైస్తవ యువకులు చాలామంది ఉన్నారు. బిషప్పుగారు సంతోషించి, ప్రభుత్వంతో మాట్లాడి సాయం చేస్తానన్నారు. ఒకప్పుడు భారతీయుల రాకకు అడ్డు నిలిచిన హ్యారీ ఎస్కోంబ్ కూడా ఈసారి మద్దతు ఇచ్చారు. ఇంతలో యుద్ధంలో గాయపడేవారి సంఖ్య పెరిగింది. మోసేవారు కావలసివచ్చారు. ప్రభుత్వం సరేనన్నది.

దళం మొత్తం 1,100 మంది. వారిలో సుమారు 300 మంది స్వతంత్రులు, మిగిలిన 800 మంది ఒప్పంద కూలీలు. నాయకులుగా ఉన్న సుమారు నలభై మంది జీతం పుచ్చుకోలేదు. వర్తకులు సామాను ఇచ్చారు. బూత్‌గారు కూడా వెంట వెళ్ళారు. ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. ఆ 800 మంది తోటల యజమానుల కింద ఉన్నవారు. యజమాని పంపితే వచ్చారు. పేరు ఇచ్చి ముందుకు వచ్చినవారి ధైర్యం గొప్పదే గాని, పంపగా వచ్చి పారిపోకుండా మోసినవారి ధైర్యం దానికి తీసిపోదు.

కొలెన్సో దారిలో

1899 డిసెంబరు 15న ట్యుగెలా నది ఒడ్డున కొలెన్సో దగ్గర పెద్ద యుద్ధం జరిగి, జనరల్ బుల్లర్ సేన ఓడిపోయింది. మన దళానికి అదే మొదటి పని. చేతికి ఎర్ర శిలువ గుర్తు కట్టుకొని, గాయపడినవారిని స్ట్రెచర్ల మీద వెనుకనున్న ఆసుపత్రికి చేరవేశారు.

స్ట్రెచరు మోత ఎట్టిదో మన ప్రాంతంవారికి వివరించనక్కర లేదు. 1944లో తిరుమల కొండకు మోటారు దారి పడక మునుపు నడవలేనివారిని డోలీలలో మోసికొనిపోయేవారు. మోతగాని అడుగు తప్పితే లోపలివాని ఒళ్ళు కుదుపుకు గురి అవుతుంది. ఇక డోలీలో ఉన్నవాడు ఎముక విరిగి, కడుపులో గుండు దిగి మూలుగుతూ ఉంటే, ఒక్కొక్క అడుగూ ఆచితూచి వేయాలి. భుజం మార్చుకొనేటప్పుడు కూడా అతనికి నొప్పి తగలకూడదు. ఇది ఒట్టి బలంతో అయ్యే పని కాదు, ఓర్పుతో అయ్యే పని.

ఆ రోజుల్లోనే జరిగిన ఒక చిన్న సంగతి గాంధీగారు వ్రాసిపెట్టారు. సేనాధిపతి రాబర్ట్సు ప్రభువు కుమారుడు, లెఫ్టినెంటు రాబర్ట్సు, కొలెన్సోలో ఫిరంగులను కాపాడబోయి మరణకరమైన గాయం తిన్నాడు. అతనిని మోసే గౌరవం తమ దళానికి దక్కిందని ఆయన చెప్పుకొన్నారు. ఆ రోజు ఎండ మండిపోతున్నది. అందరికీ దాహం. దారిలో ఒక చిన్న వాగు కనబడింది. తెల్ల సిపాయిలు ముందు తాగితే తరువాత తాగుదామని మనవారు నిలబడ్డారు. మీరు ముందు తాగండని సిపాయిలు నిలబడ్డారు. ఇలా ఒకరినొకరు ముందుకు తోసికొంటూ కొంతసేపు గడిచింది.

మన ఊళ్ళలో ఒక బావి దగ్గర ఎవరు ముందు తోడుకోవాలి, ఎవరు అసలు దగ్గరకే రాకూడదు అన్న వివాదాల మధ్య పెరిగినవారికి ఈ వాగు సంగతి ఊరకే చదివి వదలదగినది కాదు. మూడేండ్ల క్రితం డర్బన్ వీధిలో రాళ్ళు రువ్విన జాతివారు, ఆ రాళ్ళ దెబ్బలు తిన్న మనిషి, ఒకే వాగు దగ్గర నీళ్ళ కోసం ఒకరినొకరు మర్యాద చేసికొన్నారు. కలిసి బరువు మోసినవారి మధ్య మాత్రమే అది జరుగుతుంది.

స్పయన్ కాప్ కొండ

దళాన్ని మొదట కొద్దిరోజుల పని తరువాత విడిచిపెట్టి, 1900 జనవరిలో మళ్ళీ పిలిచారు. జనవరి 23 రాత్రి ఇంగ్లీషు సేన స్పయన్ కాప్ అనే కొండ ఎక్కింది. పైన అంతా రాయి. కందకం లోతుగా తవ్వడానికి వీలులేదు. 24వ తేదీ ఉదయం మంచు విడిపోయేసరికి చుట్టూ ఎత్తైన చోట్ల బోయర్లు ఉన్నారు. ఆ ఒక్క పగలు కొండ మీద ఇంగ్లీషువారు 240 మందికి పైగా చనిపోయారు. గాయపడినవారికి లెక్కలేదు. కొండను నడిపించిన జనరల్ ఉడ్‌గేట్ కూడా తల మీద గాయంతో పడిపోయారు.

అంతవరకు మన దళం తుపాకి దెబ్బకు వెలుపలనే పనిచేయాలని కట్టడి. ఆ కట్టడి మనవారు కోరింది కాదు, అధికారులు పెట్టింది. స్పయన్ కాప్‌లో సంగతి చేయిదాటిపోయినప్పుడు బుల్లరుగారు కబురు పంపారు. మీరు ప్రమాదంలోకి రావలసిన బాధ్యత లేదు, వస్తే ప్రభుత్వం కృతజ్ఞతతో ఉంటుందని దాని సారాంశం. ఎవరూ తటపటాయించలేదు. గుండ్లు పడే చోటికి వెళ్ళి గాయపడినవారిని ఎత్తుకొచ్చారు. వారు మోసినవారిలో ఉడ్‌గేట్‌గారు ఒకరు. ఆయన ఆ గాయంతోనే తరువాత మార్చిలో చనిపోయారు.

కొండ దిగువ నుండి ఆసుపత్రి శిబిరం వరకు రోజుకు ఇరవై, ఇరవై ఐదు మైళ్ళు నడక. ఇరవై ఐదు మైళ్ళంటే మన తిరుపతి నుండి శ్రీకాళహస్తి దాకా. ఆ దూరం భుజం మీద మనిషితో నడవాలి. రాత్రంతా పనిచేసి, తెల్లవారుజామున దారి ప్రక్కన కూర్చుని సైన్యపు బిస్కట్టు తింటున్న గాంధీగారిని వియర్ స్టెంట్ అనే పత్రికా సంపాదకుడు చూశారు. ఓటమితో సేన అంతా దిగులుగా ఉంటే, ఈ మనిషి మాత్రం నెమ్మదిగా, సంతోషంగా మాట్లాడుతున్నాడని, కళ్ళలో దయ ఉన్నదని ఆయన తరువాత వ్రాశారు.

చరిత్రలో ఒక వింత సంఘటనగా దీనిని చెప్పుకొంటారు. ఆ స్పయన్ కాప్ దగ్గర ఆ రోజుల్లో ముగ్గురు మనుషులు ఉన్నారు. బోయర్ల వైపు లూయీ బోథా, తరువాత దక్షిణాఫ్రికా ప్రధాని అయ్యారు. ఇంగ్లీషు వైపు విన్‌స్టన్ చర్చిల్, తరువాత ఇంగ్లండు ప్రధాని అయ్యారు. మూడవవారు స్ట్రెచర్ల మధ్య తిరిగిన గాంధీగారు. ఆ తరువాత గాంధీగారు మిగిలిన ఇద్దరి ప్రభుత్వాలనూ చేతిలో ఆయుధం లేకుండానే ఎదిరించారు.

సుమారు ఆరు వారాల సేవ తరువాత దళాన్ని రద్దు చేశారు. బుల్లరుగారు తన నివేదికలో దళాన్ని మెచ్చుకొన్నారు. నాయకులుగా ఉన్న 37 మందికి యుద్ధ పతకాలు ఇచ్చారు. ఎనిమిది వందల కూలీలు మళ్ళీ తోటలకు వెళ్ళిపోయారు.

ఒక్క కూలి పేరు మాత్రం నిలిచింది. లేడీస్మిత్ పట్టణాన్ని బోయర్లు ముట్టడించినప్పుడు ప్రభుసింగ్ అనే ఒప్పంద కూలి ఒక చెట్టు మీద కూర్చుని, కొండమీది ఫిరంగి మెరుపు కనబడగానే గంట కొట్టేవాడు. ఆ గంట విని జనం గుండు పడేలోగా దాక్కొనేవారు. అతనికి వైస్రాయి కర్జన్‌గారి వైపు నుండి ఒక కాశ్మీరు అంగీ బహుమానంగా వచ్చింది.

జూలూ కొండలలో

యుద్ధం 1902లో ముగిసింది. మోసినందుకు హక్కులేమైనా వచ్చాయా? రాలేదు. మూడు పౌండ్ల పన్ను అలాగే ఉన్నది.

1906లో నేటాలులో మరొక పోరాటం వచ్చింది. వయసు వచ్చిన ప్రతి పురుషుడూ ఒక పౌండు తల పన్ను కట్టాలన్న చట్టానికి జూలూ జాతివారు తిరగబడ్డారు. వారి పెద్దలలో బంబాథా అనేవాని పేరు మీద దానిని బంబాథా తిరుగుబాటు అంటారు. గాంధీగారు మళ్ళీ మోత దళం కూర్చారు. ఈసారి 24 మందే. ఆయనకు సార్జెంటు మేజరు హోదా ఇచ్చారు. నలుగురు గుజరాతీలు, ఒక పఠాను, తక్కినవారందరూ ఒప్పందం తీరిన దక్షిణ దేశపు కూలీలు. అనగా ఈ దళం ఇంచుమించు అంతా మనవారే.

కాని అక్కడికి వెళ్ళి చూస్తే అది యుద్ధం కాదు. తుపాకులున్నవారు లేనివారిని వేటాడుతున్నారు. ఆ తిరుగుబాటులో మూడు వేలకు పైగా జూలూలు చనిపోయారు. తెల్లవారిలో చనిపోయినవారు కొద్దిమందే. దళానికి ఇచ్చిన పని గాయపడిన జూలూలకు కట్లు కట్టడం. వారిలో ఎక్కువమంది యుద్ధంలో గాయపడినవారు కూడా కారు. అనుమానం మీద పట్టుకొని కొరడాలతో కొట్టగా, చూసే దిక్కులేక పుండ్లు చీము పట్టినవారు. తెల్ల నర్సులు వారిని ముట్టడానికి ఒప్పుకోలేదు. సావేజ్ అనే డాక్టరుగారు దయగలవారు, చేయి అందించేవారు దొరకక బాధపడుతున్నారు. మనవారు వెళ్ళగానే ఆయన సంతోషించారు.

మనవారు పుండ్లు కడుగుతూ ఉంటే తెల్ల సిపాయిలు కంచె అవతల నిలబడి, వారిని వదిలేయమని కేకలు వేసేవారు, జూలూలను నోటికి వచ్చినట్లు తిట్టేవారు. వీరి భాష వారికి రాదు, వారి భాష వీరికి రాదు. అయినా చేతులు ఏమి చెబుతున్నవో పుండున్నవానికి తెలుస్తుంది. సిపాయిలకు మందు కలిపి ఇచ్చే పని కూడా గాంధీగారి మీదనే పడింది. బూత్‌గారి చిన్న ఆసుపత్రిలో నేర్చుకొన్నది ఆ కొండలలో అక్కరకు వచ్చింది. కొన్ని రోజులు నలభై మైళ్ళు నడిచారు. అది ఇంచుమించు తిరుపతి నుండి చిత్తూరు దాకా.

ఇక్కడ మరొక సంగతి నిజాయితీగా చెప్పుకోవాలి. ఆ సంవత్సరాలలో గాంధీగారు వ్రాసిన కొన్ని రాతలలో ఆఫ్రికా నల్లజాతివారిని తక్కువ చేసిన మాటలున్నాయి. వాటిని నేడు చదివితే మనసు నొచ్చుకొంటుంది. వాటిని కప్పిపుచ్చితే చరిత్రకు మేలు లేదు. కాని అదే మనిషి అదే ఏడాది, ఎవరూ ముట్టని జూలూ వీపు మీది పుండు కడిగారు. నోరు చెప్పిన దానికన్నా చేయి ముందు నడిచింది. మనలో చాలామందికి ఇది విరుద్ధంగా జరుగుతుంది. నోరు ముందుంటుంది, చేయి వెనుకబడుతుంది.

ఆ కొండ దారులలో మైళ్ళ కొలది నడుస్తూ ఆయన తన జీవితాన్ని గురించి ఆలోచించారు. శేషజీవితమంతా సేవకే ఇవ్వాలని, బ్రహ్మచర్యం పాటించాలని అప్పుడే నిశ్చయించుకొన్నారు. దళం జూలైలో ముగిసింది. సెప్టెంబరు 11న జోహానెస్‌బర్గు సభలో, అన్యాయమైన చట్టానికి లోబడము, దెబ్బలు తింటాము గాని కొట్టము అన్న ప్రతిజ్ఞ చేశారు. సత్యాగ్రహమని మనం పిలుచుకొనేది అక్కడ పుట్టింది. జూలూల పుండ్లు కడిగిన చేతులు రెండు నెలలు తిరగకముందే ఆ ప్రతిజ్ఞ పట్టాయి. ఈ రెంటికీ సంబంధం లేదనడం కష్టం. ఆ సత్యాగ్రహం ఫలంగానే 1914లో మూడు పౌండ్ల పన్ను రద్దయింది.

పతకాలు తిరిగి ఇచ్చిన రోజు

1914 ఆగస్టులో ప్రపంచ యుద్ధం మొదలైన వెంటనే గాంధీగారు లండను చేరారు. అక్కడా భారతీయ విద్యార్థులతో సుమారు 80 మంది అంబులెన్సు దళం కూర్చారు. మన హైదరాబాదు నుండి వెళ్ళిన సరోజినీ నాయుడుగారు ఆయనను మొదటిసారి కలిసికొన్నది ఆ రోజుల్లోనే. కాని ఆయనకు ఊపిరితిత్తుల పొరకు జబ్బు చేసి, ఆ సేవ చేయలేకపోయారు. 1915 జనవరి 9న బొంబాయిలో దిగారు. అదే సంవత్సరం జూన్‌లో ప్రభుత్వం ఆయనకు కైజర్-ఇ-హింద్ బంగారు పతకం ఇచ్చింది.

1918లో ఖేడా జిల్లాలో సైన్యంలో చేరండని ఆయన ఊరూరా తిరిగారు. ఈసారి మోయడానికి కాదు, తుపాకి పట్టడానికే. జనం అంతగా కదలలేదు. అహింస చెప్పిన మనిషి ఈ పని చేశారేమని ఆనాటి మిత్రులే అడిగారు. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగులో కాల్పులు జరిగిన తరువాత, ఆయన ముప్పయ్యో యేట వేసికొన్న లెక్క తప్పిపోయింది. విధి మనం చేశాము, న్యాయం వారు చేయలేదు.

1920 ఆగస్టు 1న ఆయన వైస్రాయికి ఉత్తరం వ్రాసి మూడు పతకాలు తిరిగి పంపించారు. కైజర్-ఇ-హింద్ పతకం ఒకటి, జూలూ యుద్ధ పతకం ఒకటి, బోయరు యుద్ధ పతకం ఒకటి. సహాయ నిరాకరణ ఆనాడే మొదలైంది.

మొదట నేను దాటవేసిన ప్రశ్న ఇప్పుడు మళ్ళీ వస్తుంది. ఇంగ్లీషువారి యుద్ధంలో ఆయన మోయడం తప్పా? సామ్రాజ్యం మీద ఆయన పెట్టిన నమ్మకం తప్పు అని చరిత్ర తేల్చింది. ఆయనే ఒప్పుకొని పతకాలు తిరిగి ఇచ్చివేశారు. కాని స్పయన్ కాప్ కొండ మీద నుండి దిగి వచ్చిన గాయపడిన సిపాయి దృష్టిలో, కొరడా దెబ్బలు తిన్న జూలూ దృష్టిలో ఆ సేవ తప్పు కాదు. పతకం ప్రభుత్వం ఇచ్చింది గనుక ప్రభుత్వానికి తిరిగి ఇవ్వగలిగారు. గాయపడినవాడు తన భుజం మీద ఉంచిన బరువు ఎవరూ తిరిగి ఇవ్వలేరు, ఎవరూ తిరిగి తీసికోలేరు. గాయపడినవాడు ఏ పక్షమని అడగకుండా ఎత్తుకోవడం ఒక పని. ఎత్తుకొన్న తరువాత, ఈ గాయం ఎవరు చేశారు, ఎందుకు చేశారు అని అడగడం రెండవ పని. గాంధీగారు మొదటి పని ముప్పయ్యో యేట నేర్చుకొన్నారు, రెండవది యాభయ్యో యేట. ఎంతోమంది మొదటిది కూడా నేర్చుకోకుండానే వెళ్ళిపోతున్నారు.

1948 జనవరి 30న ఆయన ఢిల్లీలో హంతకుని గుండుకు కూలిపోయారు. మరునాడు లక్షలాది జనం ఆయన అంతిమయాత్రలో నడిచారు.

మనం శతాబ్ది పండుగలో పెద్దల పేర్లు చలువరాతి పలకల మీద చెక్కించుకొంటున్నాము. చెక్కించుకోవలసిందే. కాని 37 పతకాల వెనుక ఎనిమిది వందల భుజాలు ఉన్నాయి. 24 మందిలో ఒకరి పేరే లోకానికి తెలుసు. మన సంఘాలలోనూ అంతే. కలరా రోజుల్లో మిషన్ ఆసుపత్రికి మంచం మీద రోగిని మోసుకొచ్చినవారు, గుడి కట్టేటప్పుడు రాళ్ళు ఎత్తినవారు, రాత్రిపూట శవపేటికకు భుజం ఇచ్చినవారు ఏ పలక మీదా లేరు. కపెర్నహూములో కప్పు విప్పిన నలుగురూ లేరు. పేరు అడగకుండా మోయడానికి మన సంఘంలో ఇంకా నలుగురు మిగిలి ఉన్నారా అని ఈ పండుగ రోజున మనలను మనం అడుగుకొందుము గాక.